ఏడక్షరాల బోర్డు

రావులపాలెం సెంటర్లో అక్షరానికి నలభై నా రేటు.
సున్నకి విడిగా అడగను,
నీడ వెయ్యమంటే మాత్రం పది ఎక్కువ.
ఫ్లెక్సీలొచ్చాక చేతిరాత అడిగేవాళ్ళు తగ్గారు గానీ
ఈ ముప్పయ్యేళ్ళలో ఊళ్ళ పేర్లు రాసినన్నిసార్లు
దేవుడి పేరు కూడా రాసి ఉండను.

ఆత్రేయపురం పూతరేకులు. కడియం మొక్కలు. ఉప్పాడ చీరలు.
ఊరు ముందు నిలబడుతుంది, సరుకు వెనక.
మధ్యలో ఏమీ ఉండదు
వేలెడు ఖాళీ తప్ప.
కడియం మొక్కని కర్నూల్లో నాటినా కడియం మొక్కే,
నీ ఊరేదని దాన్ని ఎవడూ నిలదీయడు.

మనిషి దగ్గరకొచ్చేసరికి ఊరు ఒట్టిగా నిలవదు.
ఏలూరోడు, పేరూరామె, కోటిపల్లోళ్ళు,
ఏదో ఒక తోక మొలుస్తుంది.
తోకలో మర్యాదెంతో పలికే నోటిని బట్టి.
లంక వంకాయలంటే సంతలో పదిమంది మూగుతారు,
లంకోడంటే
బస్సులో పక్క సీటు కాస్త జరుగుతుంది.

ఇంకో దారి మా మేస్త్రి చెప్పాడు, డబ్బాలో రంగు కలుపుతూ:
ఏలూరు చివర కొమ్ము చెరిపి గుడి పెట్టు,
ఏలూరి అవుతుంది.
ఊరు కాస్తా ఇంటిపేరై మనిషి వెంట నడుస్తుంది.
ఏలూరు మొహం చూడని ఏలూరి వారు ఎందరో!
"కొమ్మున్నంత కాలం ఊరు కదల్దురా" అని నవ్వాడు.
ఆ నవ్వు అప్పట్లో నాకు అందలేదు.

మొన్న పితాని మంగతాయారు వచ్చింది,
చంకలో మూడడుగుల రేకు, ఓ అంచు తుప్పు.
"రెల్లులంక పెరుగు అని రాయి అబ్బులూ."

రెల్లులంక ఎక్కడుందమ్మా?
గట్టు కోసుకుని కోసుకుని
మూడు వరదల్లో కొబ్బరి చెట్లతో సహా పాయలో కలిసింది.
ఇప్పుడక్కడ పడవాపితే గెడ అడుగు అందదు.
నువ్వుండేది ఏటిగట్టు ఇవతల కాలనీ,
నీ గేదెలు మేసేది కాలవ గట్టు గడ్డి.
కాలనీ పెరుగు అని రాయనా?
పోనీ రెల్లులంకామె పెరుగు?
ఓ అక్షరం ఎక్కువవుద్ది గానీ అబద్ధం ఉండదు,
నిన్నలాగే పిలుస్తారు కదా.

"నన్నెవడు కొంటాడురా" అంది.
కొంగుతో రేకు తుడిచి, కాసేపాగి,
"తోడు" అంది.

ఆఖరి రాత్రి పడవెక్కేటప్పుడు
వాళ్ళాయన బియ్యం మూట పట్టాడట, మరిది పట్టా కాయితాలు.
తన చేతికి దొరికింది ఉట్టి మీద ముంత,
అడుగున గరిటెడు పెరుగు.
వరద బాధితులకిచ్చిన పాకెట్ పాలలో దాన్నే వేసింది.
మర్నాడు అందులోంచి చెంచాడు,
ఆ మర్నాడు దాన్లోంచి.
పదకొండేళ్ళు, ఒక్క పూటా తప్పకుండా,
కూతురి పురిటి నాడు కూడా.
"పాలు ఇక్కడివే. గడ్డి ఇక్కడిదే.
పులుపు మా ఊరిది. తిని చెప్పు."

తిన్నాను.
నిజం చెప్పాలంటే పెరుగు పెరుగులాగే ఉంది.
సరుకు ముందు రాసేది సరుకు పుట్టిన చోటని
మేస్త్రి నేర్పాడు.
చోటే లేకపోతే ఏం రాయాలో
ఆయన్ని అడగడానికి ఆయనా లేడు.

సుద్దముక్కతో గీత కొట్టి మొదలుపెట్టాను.
రెల్లులంక చివర చెరపడానికి కొమ్ము లేదు, పెట్టడానికి గుడి కుదరదు.
క మీద తలకట్టొకటే,
మెడలోతు నీళ్ళలో ఎవరో
తల మాత్రం పైకెత్తి నిలబడినట్టు.

రంగేమిటంటే
ఎర్ర నీటి రంగు తప్ప ఏదైనా పర్లేదంది.
ఆకుపచ్చ వేశాను. నీడ ఊరికే వేశాను.
ఏడక్షరాలు, రెండొందల ఎనభై.
రెండొందలు చేతిలో పెట్టి
మిగతాది పెరుగు పోస్తానంది.

ఊరికీ పెరుగుకీ మధ్య వదలాల్సిన ఖాళీ
ఎప్పుడూ వేలెడు.
ఆమె పక్కనే నిలబడి చూస్తోంది,
కొంచెం తగ్గించి రాశాను.